మూడో మెట్టు మీద ఉప్పు

హలో, అందరికీ వినిపిస్తోందా? చలికి నా గొంతు బొంగురుపోయింది, కాస్త సర్దుకోండి. పన్నెండో నంబరు ఇంటి వాకిట్లో, దాన్ని రోజూ ఊడ్చే ఊడో అప్పుడే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముందు అటు చూద్దాం.

ఉదయం ఆరు దాటింది. బెర్లిన్‌కి ఇంకా తెల్లవారలేదు. రాత్రంతా పడిన మంచు చప్పుళ్ళన్నీ మింగేసింది. ట్రాము కూడా దూది మీద నడిచినట్టు వెళ్ళిపోయింది. ఊడో చేతిలో తాపీ, పక్కన రేకు బకెట్టు. మూడో మెట్టు మీద మాత్రం మంచు కరిగి, బూడిదరంగు గుజ్జయి ఉంది. దాన్ని తాపీతో గోకి బకెట్లోకి ఎత్తాడు, గుడ్డతో మెట్టు తుడిచాడు. చేతితొడుగు తీసి, వేలు నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పే. వంటింటి ఉప్పు.

ఈ ఊళ్ళో ఇళ్ళ ముందు ఉప్పు చల్లకూడదు. ఏడు గంటలకల్లా ఫుట్‌పాత్ ఊడ్చి, జారకుండా సన్న కంకర చల్లాలి. ఉప్పునీళ్ళు వేళ్ళకి దిగితే చెట్లు చస్తాయి, కుక్కల పాదాలు పగులుతాయి. పదకొండేళ్ళ కిందట ఆ మెట్టు మీద మొదటిసారి ఉప్పు కనబడగానే ఊడో ఆ నిబంధన కాగితం తెచ్చి తలుపు లోపల అంటించాడు. కాగితం పసుపుపచ్చగా మారింది గానీ ఉప్పు ఆగలేదు.

ఎవరిదో అతనికి తెలుసు. మెట్లకి సరిగ్గా పైన, మొదటి అంతస్తులో, టెష్ అమ్మగారి కిటికీ. వీధిలో ప్రతి కిటికీ గట్టు మీదా జానెడు మంచు పేరుకున్నా, ఆ ఒక్క గట్టూ తడిగా నల్లగా ఉండేది. ఆవిడకి ఎనభై ఆరేళ్ళు. భర్త ఒక చలికాలం ఆ మెట్టు మీదే జారి, తుంటి విరిగి, మళ్ళీ వసంతం చూడలేదు. ఆవిడకి మెట్టు మీద పగ ఉందేమోలే అనుకున్నాడు ఊడో. ఒక్క మాట అనలేదు. ఆవిడ చీకట్లో కిటికీలోంచి చల్లడం, అతను తెల్లారేలోగా ఎత్తి బకెట్టుతో కాలవలో పొయ్యడం. అలా పదకొండు చలికాలాలు గడిచాయి.

ఊడో మనిషి పొడుగు, కాని చీపురుకి అలవాటుపడి ముందుకి వంగిపోయాడు. చెవులు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. ఎడమ మోకాలు లేచేటప్పుడు ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడు చేస్తుంది. ఒకప్పుడు బల్బుల ఫ్యాక్టరీలో వెలిగే బల్బునీ వెలగని బల్బునీ వేరుచేసేవాడు. ఫ్యాక్టరీ మూతపడింది, భార్య వెళ్ళిపోయింది, చేతికి చీపురొచ్చింది. చీపురు పట్టిన ఏడే వాకిట్లో లిండెన్ మొక్క నాటారు. అప్పుడది చీపురుకర్ర కన్నా సన్నం. ఇప్పుడు జూన్‌లో పూసిందంటే వీధంతా తేనె వాసన. ఆ పదిహేను రోజులూ ఊడో ఎండలో నిలబడి, ఊడవడం మరిచిపోయి, తానెక్కడున్నాడో కూడా మరిచిపోయేవాడు.

తొమ్మిదింటికి పార్కుల శాఖ మనిషి వచ్చాడు. కొయ్య సుత్తితో చెట్టుని కొట్టి చెవి ఆనించాడు.

"ఏంటి ఊడో, దోసకాయలు ఊరేసినట్టు చెట్టుని ఊరేస్తున్నారా మీ ఇంట్లో?"

ఊడో చీపురు వైపు చూశాడు.

"సగం ఎండింది. ఈ చలికాలం ఇంకాస్త ఉప్పు దిగిందంటే మార్చిలో రంపం తెస్తా. అప్పుడు నన్ను తిట్టుకోకు."

ఆ మాట ఊడో లోపల ఎక్కడో దిగబడింది. ఎంత తొందరగా ఎత్తినా, కరిగిన ఉప్పునీళ్ళు సగం ముందే చెట్టు మొదట్లోకి జారిపోతున్నాయి. ఇక చెప్పక తప్పదు. మధ్యాహ్నం మెట్లెక్కాడు. రెండుసార్లు తలుపు దాకా వెళ్ళి దిగొచ్చాడు. మూడోసారి ఆవిడే తలుపు తీసి, ఆ తొక్కుడేమిటి, లోపలికి రమ్మంది.

గదిలో బంగాళదుంపల సూపు వాసన. ఆవిడ గిన్నె ముందుకి జరిపింది. అలమరలో భర్త ఫోటో, దాని పక్కనే నీలం రంగు ఉప్పు డబ్బా.

"అమ్మగారూ, ఆ ఉప్పు..."

"రోజూ నువ్వు ఎత్తేస్తున్నావుగా. చూస్తూనే ఉన్నా. ఎంత మొండి ఘటం అనుకుంటున్నా."

"చెట్టు చచ్చిపోతోందండీ. అయ్యగారు పడ్డ మెట్టని మీకు బాధే, కాదన్ను..."

"ఆయన కోసమా?" ఆవిడ చెంచా కింద పెట్టింది. "పోయినాయనకి ఉప్పెందుకు? ఆ మరుసటేడు నువ్వు పడ్డావు, చీపురుతో సహా. లేచి, ఎవరూ చూళ్ళేదని బట్టలు దులుపుకున్నావు. నేను చూశా. నీకోసం వేశా నాయనా."

ఊడో చెయ్యి ఎడమ మోకాలి మీదకి పోయింది. ఏ మోకాలి కోసం ఉప్పు రాలిందో, ఆ మోకాలి మీదే కూర్చుని పదకొండేళ్ళు ఆ ఉప్పు ఎత్తాడు.

ఇకనుంచి వేయనని ఆవిడ మాటిచ్చింది. కాని ఊరికే ఇవ్వలేదు. బూట్ల మీద ఉన్ని మేజోళ్ళు తొడుక్కోవాలట. తడిసిన ఉన్ని మంచుని పట్టుకుంటుంది, వాళ్ళమ్మ అలాగే నడిచేదట. భర్తవి ఒక జత తీసింది. మడమలు రెండూ చిరిగాయి. కుట్టుపెట్టెలోంచి, మడమలో దూర్చి రఫ్ఫు కుట్టుకునే కొయ్య పుట్టగొడుగు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆరింటికి రా. రెండూ కుట్టి ఉంచుతా."

మిగిలిన మధ్యాహ్నమంతా ఊడో చెట్టు మొదట్లో మురికి మంచు తవ్వి తీశాడు. మళ్ళీ మంచు మొదలైంది, చప్పుడు లేకుండా, పైకి పోతోందో కిందికి వస్తోందో తెలియకుండా. చెట్టుకి చెయ్యి ఆనించి నిలబడితే, ఎక్కణ్ణుంచో ఒక్క క్షణం తేనె వాసన వచ్చినట్టయింది.

ఆరింటికి తలుపు తట్టాడు. ఎవరూ పలకలేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది, అంతే. దీపం వెలుగుతోంది. ఆవిడ కుర్చీలో తల వాల్చి ఉంది. నిద్ర చెడగొట్టడం ఎందుకని టోపీ చేత్తో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత గదిలో తన ఊపిరి ఒక్కటే వినబడుతోందని అర్థమైంది.

డాక్టరుకి ఫోన్ చేశాడు. కిందికి దిగి మెట్లు ఊడ్చి, మూడో మెట్టు మీద మూడు దోసిళ్ళ కంకర పోసి, చేత్తో పరిచాడు. ఆవిణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చిన ఇద్దరూ మోసుకుంటూ మెల్లగా దిగారు. ఎవరి కాలూ జారలేదు.

మీ వాకిలి తెల్లారకముందే ఊడ్చిపోయే మనిషి ఒకరుంటారు కదా, ఈ కథ ముందు వాళ్ళకి పంపండి, తర్వాత మిగతావాళ్ళకి.

పైన, దీపం కింద, కుట్టడం అయిపోయిన మేజోడు ఒకటి మడతపెట్టి ఉంది. రెండోదాని మడమలో కొయ్య పుట్టగొడుగు అలాగే ఉంది, సూది దారానికి వేలాడుతూ.