తడి ఫిల్ము

బీరువాలో, అమ్మ చీరల వెనక, చిన్న నల్ల ప్లాస్టిక్ డబ్బాలో ఆ రీలు అయిదు నెలలు ఉండిపోయింది. తలుపు తెరిచినప్పుడల్లా హేమకి కనిపించేది. కనిపించిందని మనసుకి తెలిసేలోగా చెయ్యి తలుపు మూసేసేది.

ముప్పయ్యారు ఫొటోలు. అన్నీ డిసెంబరులో తీసినవే. పొందూరులో వాళ్ల ఇంటి వసారా, రాట్నం, రాట్నం ముందు అమ్మ లక్ష్మణమ్మ. సెల్‌ఫోను ఎత్తితే చాలు, అమ్మ కొంగు సర్దుకుని పెళ్లిపీటల మీద కూచున్నట్టు బిగుసుకుపోయేది. హేమ కొన్న పాత ఫిల్ము కెమెరాని మాత్రం ఆవిడ లెక్కచేయలేదు. "బొమ్మ కనపడదు, పాడూ కనపడదు, అదేటి కెమెరా" అని నవ్వి, నూలు తీస్తూ దాని సంగతే మరిచిపోయేది. అలా మరిచిపోయిన ముఖం ఆ రీల్లో ఉంది.

ఫిబ్రవరిలో కడుపులో గడ్డ బయటపడింది. ఇరవై రోజులకి అమ్మ లేదు. "ఇంత ముదిరేదాకా ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అని డాక్టరు అడిగాడు. కోపంగా కాదు, కాగితం మీద రాసుకోవడానికి అడిగినట్టు అడిగాడు. హేమ శ్రీకాకుళంలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియను. రోజంతా పరాయివాళ్ల రక్తం పరీక్ష చేస్తుంది. డిసెంబరు నెలంతా, ప్రతి ఆదివారం, ఒక కన్ను మూసి రెండో కంటితో అమ్మనే చూసింది. వెలుతురు ఎటునుంచి పడుతోందో చూసింది. చెంప కింద నీడ ఎంత బాగుందో చూసింది. ఆ నీడ అంతకుముందు ఉండేదా? జబ్బు అప్పటికే ముఖంలోకి వచ్చి ఉంటే, తను చూసి కూడా చూడలేదన్నమాట. రాకపోతే ఎవరి తప్పూ లేదు. జవాబు డబ్బాలో ఉంది. రెండిట్లో ఏది కోరుకుంటోందో హేమకే తెలియలేదు.

మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, కొరియర్లో తెప్పించిన, ఫిల్ము కడిగే మందులు ముందేసుకుని కూచుంది. రెండు దుప్పట్లు కప్పుకుని, చీకట్లో తడుముకుంటూ, ఫిల్ముని ప్లాస్టిక్ చక్రానికి ఎక్కించి, వెలుతురు చొరని కడిగే డబ్బాలో పెట్టి మూత బిగించింది. మందుని ఐసుముక్కలతో ఇరవై డిగ్రీలకి దించింది. కొలతల్లో ఆమెకి తప్పు రాదు. చివర కడగాల్సి వచ్చేసరికి ఐసు అయిపోయింది. నీళ్లే కదా అని కొళాయి తిప్పింది. మేడమీద ట్యాంకులో కాగిన నీళ్లు చేతికి చురుక్కుమన్నాయి. ఆ వేడికి ఫిల్ము మీది పూత నాని, చల్లారిన గంజి మీద తెట్టులా వదులవుతుందని ఆమెకి తెలియదు.

బొమ్మలు వచ్చాయి. ముప్పయ్యారూ వచ్చాయి.

ఫిల్ముని వసారాలో కడితే దూది నుసి అంటుకుంటుందని, స్నానాలగదిలో తీగకి క్లిప్పు పెట్టి వేలాడదీసింది. దాని పొడవునా నీటిబొట్లు. ఆ ఊరి నీళ్లు ఆరితే స్టీలు గ్లాసు మీదే తెల్లమచ్చలు మిగులుతాయి. ప్రతి ముఖం మీదా ఓ మచ్చ పడుతుందనుకుంది. ఆరేదాకా ఫిల్ముని తాకవద్దని మందులతో వచ్చిన కాగితంలో ఉంది. మూడుసార్లు చదివింది కూడా. అయితే ఆ ఇంట్లో పుట్టినవాళ్లకి గుడ్డ గీరుతుందన్న ఊహ రాదు. వాలుగ చేప దవడతో దువ్విన పత్తి, అమ్మ వేళ్ల మధ్య సాగిన సన్న నూలు. ఆ నూలుతో నేసిన గుడ్డతో పురిటిబిడ్డ కళ్లు తుడుస్తారు. హేమ ఆ గుడ్డనే మడతపెట్టి, ఫిల్ముని మధ్యలో ఉంచి, రెండు వేళ్లతో పైనుంచి కిందిదాకా ఒక్కసారి లాగింది.

వేళ్ల కింద ఏదో జారింది. గుడ్డ మీద నల్లటి ముద్ద.

"ఏటే, తలుపేసుకుని ఏటి సేస్తన్నావు? అన్నం కూడా తిన్లేదు." వీధి తలుపు తోసుకుని జగ్గమ్మ పిన్ని వచ్చింది. అమ్మకి చెల్లెలు, పక్కిల్లే.

"ఫొటోలు కడుగుతున్నాను పిన్నీ."

"కడిగితే పోవేటే?"

పిన్ని, నలుపు తెలుపులు తారుమారైన ఆ ఫిల్ముని క్లిప్పులోంచి తీసి కిటికీ వెలుగుకి ఎత్తింది. "ఓలమ్మ, అక్క తెల్లజుట్టంతా నల్లగయిపోనాది సూడు. ఈ రంగుకే కదా బతికినంతకాలం నా దగ్గర గోరింటాకు నూరించినాది." నవ్వుతూ ఇంకాస్త దగ్గరగా పట్టింది. "మొకం ఏదే? ఈ గీతేటి నిలువునా?"

"తుడిచాను."

పిన్ని గుడ్డ అందుకుని బొటనవేలితో నలిపి చూసింది. "ఇది అక్క నూలే. ఇది గీరుకోదే."

"గీరుకుంది."

చెయ్యి తెలిసే చేసిందా? మూడుసార్లు చదివిన వాక్యాన్ని చెయ్యి ఎందుకు మరిచింది? హేమ తన వేళ్ల వైపు, ల్యాబ్‌లో ఎవరిదో రిపోర్టు చూసినట్టు, చూసుకుంది.

"పిన్నీ, డిసెంబర్లో అమ్మ..."

"బాగానే ఉన్నాది," అంది పిన్ని, మాట పూర్తికాకుండానే. "రాయిలాగుండేది. నువ్వు ఒట్టినే మనసులో పెట్టుకోకు."

గీత ఫిల్ము నడుమనే సాగింది. అంచులు మిగిలాయి. చివరి బొమ్మలో ముఖం లేదు, పై అంచున నూలు సాగదీస్తూ ఎత్తిన చెయ్యి ఉంది. చేతికి వెండి కడియం. పెళ్లినాటిది. మణికట్టుని పట్టుకుని ఉండేది, సబ్బు రాసినా ఊడేది కాదు. బొమ్మలో అది మోచేతి దాకా జారి ఉంది.

హేమ వేలు అక్కడ ఆగింది. పిన్ని కూడా అక్కడే చూస్తోంది.

పిన్ని గొంతు తగ్గించి అంది. "నాను దానికి సెప్పినాను. కడియానికి దారం సుట్టుకోయే, లేపోతే ఎక్కడో జారి పడిపోద్ది అని. నానే సుట్టినాను." ఫిల్ముని ఇంకా దగ్గరగా పట్టుకుంది. "కడియం పోతాదనే అనుకున్నానే హేమా."

పూత ఇంకా తడిగానే ఉంది. పిన్ని వేళ్లు దాని మీద నొక్కుకుని ముద్రలు పడుతున్నాయి. హేమకి కనిపిస్తూనే ఉంది. వదలమని అనలేదు.