కప్పపాలు

వీరాస్వామి గోదురుకప్పను ఎడమచేత్తో ఒడిసిపట్టి, కంటి వెనకున్న ఉబ్బెత్తు గ్రంథిని బొటనవేలితో నొక్కాడు. చిక్కటి తెల్లటి ద్రవం గాజుపలక మీదికి చిమ్మింది. కప్ప ఒకసారి కాళ్లు తన్నుకుని ఊరుకుంది. దాన్ని తడిగోనెలోకి వదిలి మరోదాన్ని అందుకున్నాడు. సాయంత్రం వీటన్నిటినీ మండవల్లి చేపలచెరువు గట్టు మీద, పట్టిన చోటే వదిలేయాలి. పాడి పశువును కోసుకు తినే బేరం అతనికి నచ్చదు.

ఒకప్పుడు కాలేజీల్లో కోతకు కప్పలు అమ్మేవాడు. కోతలు ఆపేశాక ఆ సరుకును అడిగే నాథుడు లేక చెరువు కాపలాకు కుదిరాడు. ఇప్పుడు ఏలూరులోని ఈ ప్రయోగశాలలో శ్రీదుర్గ మేడమ్‌కు కప్ప విషం కావలసివచ్చింది. బతుకంతా ఇంతే. తన దగ్గరున్నది ఎవరికైనా పనికొచ్చిన నాడు గిరాకీ, లేనినాడు ఖాళీ చేతులు.

ఇంట్లో మాత్రం విషమనలేదు. భార్య పరమేశ్వరి భయపడుతుందని కప్పపాలన్నాడు. ఆమె కాలేయంలో గడ్డ ముదిరి, ఇంక ఇంటికి తీసుకెళ్లమని ఆసుపత్రివాళ్లు చెప్పాక, ఆ పాలు క్యాన్సర్‌కు మందవుతాయట అని కూడా నోరు జారాడు.

పొద్దున బయల్దేరుతుంటే ఆమె మంచంలోంచే నవ్వింది.

“ఏవండీ, లోకానికంతా పితుకుతున్నారు. మరి నా పాలెక్కడండీ?”

తాగే పాలో, తన వంతు పాలో, రెండూ కలిపే అడిగిందో.

“తెస్తాలేవే,” అన్నాడు.

గాజుపలక మీద ఎండిన పాలు ముదురుపాకం రంగుకు తిరిగాయి. బ్లేడుతో గీకి సీసాలో వేస్తూ మెల్లిగా అడిగాడు.

“మేడమ్‌గారూ, ఇది మా ఇంటిదానికి కొంచెం...”

శ్రీదుర్గ పని ఆపింది. “వద్దండీ వీరాస్వామిగారూ. గాజుపళ్లెంలో క్యాన్సర్ కణాల్ని చంపుతోంది, నిజమే. కానీ గుండెనీ ఆపేస్తుందండీ. ఆ రెండు గుణాల్నీ విడదీయడానికే మా తంటాలన్నీ. మనిషికిచ్చే మందవడానికి ఏళ్లు పడతాయి.”

“ఆవిడ దగ్గర ఏళ్లు లేవు కదండీ.”

శ్రీదుర్గ చేతులు కడుక్కోవడానికి పక్కగదిలోకి వెళ్లింది.

బ్లేడు అంచున నువ్వుగింజంత పెచ్చు మిగిలింది. ఇచ్చాక గుండె ఆగితే తన చేతుల్లో పోయినట్టు. ఇవ్వకపోతే రోగం తీసుకుపోయినట్టు. బతుకు ఏవైపు మొగ్గుతుందో తూచే తక్కెడ అతని దగ్గర లేదు. పెచ్చును సీసాలోకి దులిపి మూత బిగించాడు.

బస్సు కొల్లేరు దాటుతుండగా అబద్ధం సిద్ధం చేసుకున్నాడు: ఇవాళ పాలు విరిగిపోయాయే.

అది చెప్పే అవసరం రాలేదు. గుమ్మంలో మరదలు దుర్గాభవాని కూలబడి ఉంది.

“ఇందాకే, బావగారూ. అక్క పెద్దగా బాధపడలేదు. మీ బావ తెస్తానన్నారే అంటూ పొద్దుట్నించీ నన్ను కుదురుగా కూర్చోనిస్తేనా!”

అతను గోనె దించాడు. గట్టు మీద ఆగకుండా నేరుగా వచ్చేసినట్టు అప్పుడు గుర్తొచ్చింది. లోపల కప్పలు మెదులుతున్నాయి. తేనందుకు తప్పులేదు అనుకున్నాడు. తెస్తానన్నందుకో? ఆ లెక్క తెగలేదు.

మంచం పక్కన ముక్కాలిపీట మీద, పరమేశ్వరి చింతపండుతో మెరిసేలా తోమించుకున్న ఇత్తడి ఉగ్గుగిన్నె, మూతి తలగడ వైపు తిరిగి ఉంది.