అబూ ఘాయబ్ పాస్‌వర్డ్

మా పక్కనున్న జుబేర్ ఊరి టమాటాలని ఎండలో ఉంచితే కుళ్ళిపోతాయి. మా ముంథిర్ సారు అలా కాదు, ఏసీ గదిలో కూచునే కుళ్ళిపోయాడు.

బస్రా శివార్లలో ఉన్న హాజీ జామిల్ గారి కోల్డ్ స్టోరేజికి ఈయన మేనేజరు. రైతుల లారీలు తెల్లవారక ముందునుంచే గేటు దగ్గర బారులు తీరతాయి. ఎవరి వంతు ఎప్పుడో చూపించే వెబ్ సర్వీసు రాసింది నేను. నా పేరు రఫల్. మొదట్లో దానికి తాళం లేదు. ఫోను చేతిలో ఉన్న ప్రతివాడూ లోపలికి దూరి తన లారీని ముందుకు జరుపుకునేవాడు, వెనకపడ్డవాడి టమాటాలు రోడ్డుమీద రసం కారేవి. పేరూ పాస్‌వర్డూ పెడదామని నేను మొత్తుకుంటే, "మనమంతా ఒక ఇంటివాళ్ళం, మనలో మనకి తాళాలేమిటమ్మా" అన్నాడు సారు. ఆఖరికి ఒక రైతు కడుపుమండి కుళ్ళిన సరుకంతా తెచ్చి హాజీ గారి కారు ముందు గుమ్మరించాడు. ఆ మర్నాటినుంచి తాళం ఆలోచన తనదేనని సారు ఊరంతా చెప్పుకున్నాడు.

సరే, తాళం వేశాను. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ సరిపోతేనే వంతు మార్చనిస్తుంది, లేకపోతే పొమ్మంటుంది. ఎవరు మార్చారో, ఏ కంప్యూటరునుంచి మార్చారో రాసిపెట్టుకుంటుంది. పాస్‌వర్డులని ఉన్నవి ఉన్నట్టు దాచకుండా పిండిచేసి దాచాను, అవి నాక్కూడా కనపడవు. అక్కడితో నా పని అయిపోయింది. ఆపైన మా మగమహారాజుల తెలివితేటలు మొదలయ్యాయి.

మా దగ్గర కొడుకు పుట్టగానే మగవాడి సొంత పేరు మూలపడుతుంది. కొడుకు సజ్జాద్ అయితే తండ్రి అబూ సజ్జాద్, తల్లి ఉమ్మ్ సజ్జాద్. యూజర్‌నేమ్ అడిగితే మా గేటు గుమాస్తా అబూ సజ్జాద్ అనే కొట్టాడు. పాస్‌వర్డ్ అడిగితే సజ్జాద్ అని కొట్టి, ఎంత బాగా కుదిరిందో చూడమని నాకే చూపించాడు. తూకం దగ్గర ఉండే అబూ కర్రార్‌ది కర్రార్. మా ముంథిర్ సారు అబూ హారిస్, ఆయనదీ అంతే. తాళంవేసి తాళంచెవిని అదే తలుపుకి మేకు కొట్టి తగిలించారు. మార్చుకోమని ఎంత చెప్పినా గంగిరెద్దుల్లా తలలూపారు గానీ ఒక్కరూ మార్చలేదు.

లొంగనివాడు గేటు పెద్ద ఒక్కడే. ఆయనకి పిల్లల్లేరు. అలాంటివాణ్ణి వట్టి పేరుతో పిలవడం మొరటుతనమని మావాళ్ళు అబూ ఘాయబ్ అంటారు, ఇంకా రాని బిడ్డకి తండ్రి అని. "నువ్వు కాస్త అటు తిరుగు తల్లీ" అని నన్ను గోడవైపు తిప్పి, ఒంటివేలితో వెతుక్కుంటూ ఏదో కొట్టుకున్నాడు. ఇంతమంది మగాళ్ళలో పాస్‌వర్డ్ అంటే ఏమిటో అర్థమైన మనిషి ఒక్కడైనా దొరికాడనుకున్నాను.

వారం తిరక్కుండా ముంథిర్ సారు కొత్త హుకుం జారీ చేశాడు.

"ఎవడైనా పాస్‌వర్డ్ తప్పు కొట్టాడనుకో, ఏం కొట్టాడో అదికూడా అక్షరం పొల్లుపోకుండా రాయించు."

"అది రాయకూడదు సార్. ఒక్క అక్షరం తప్పి కొట్టినవాడి అసలు పాస్‌వర్డ్ దొరికిపోతుంది."

"చెప్పింది చెయ్యి. ఈ స్టోరేజికి మేనేజర్ని నేనా నువ్వా?"

"మీరే సార్. మర్చిపోదామన్నా మీరు మర్చిపోనివ్వరుగా."

చేశాను. ఎందుకు చెయ్యమన్నాడో అప్పుడే అర్థమైంది. తనకి తెలియని పాస్‌వర్డు ఒక్క అబూ ఘాయబ్‌దే, ఆయన వేలు జారినప్పుడు అసలుది పట్టుకోవచ్చని ఆశ. ఆ వేలు నిదానంగా కదులుతుందే గానీ ఒక్కసారీ జారలేదు.

అంతలో మళ్ళీ వంతులు తారుమారవడం మొదలైంది. ముందుకు దూకేవి ఎప్పుడూ సారు బావమరిది లారీలే. ఒకరోజు మార్చినవాడి పేరు అబూ సజ్జాద్ అని పడేది, ఇంకోరోజు అబూ కర్రార్ అని. ఇద్దరూ తమ పిల్లలమీద ఒట్టేసి మాకేం తెలియదన్నారు. విషయం హాజీ గారిదాకా వెళ్ళింది. సారు హాజీ గారి ఎదుట అందరినీ గేటు గదిలో పోగేశాడు.

"ఇకనుంచి అందరి పాస్‌వర్డులూ నా దగ్గరుంటాయి. ఒక్కొక్కరే చెప్పండి" అన్నాడు.

చెప్పడానికేముంది, అవి అందరికీ తెలిసినవే. అయినా వరసగా చెప్పారు. అబూ ఘాయబ్ వంతు వచ్చింది.

"నేను చెప్పను" అన్నాడాయన.

"చూశారా హాజీ," అన్నాడు సారు. "దొంగ దొరికాడు. దాచుకునేది లేకపోతే చెప్పడానికి ఏం రోగం? ఇవాళే లెక్క తేల్చి పంపించెయ్యండి."

గేటు వెనక ఉన్న గదే అబూ ఘాయబ్ ఇల్లు. ఉద్యోగం పోతే ఆ సాయంత్రానికి మొగుడూపెళ్ళాలు రోడ్డుమీద ఉంటారు. అది ఆ గదిలో అందరికీ తెలుసు. తన మెడమీది కత్తి పక్కవాడి మెడమీదికి పోయిందని అబూ సజ్జాద్ మొహంలో రంగు తిరిగొచ్చింది. చూస్తుంటే నాకు ఒళ్ళు మండింది.

"ఒక్కమాటేగా అబూ ఘాయబ్, చెప్పేస్తే పోలా?" అన్నారు హాజీ గారు మెత్తగా.

"మీ ఉప్పు తిన్నాను హాజీ. గేటు తాళాలు అడగండి, ఇస్తాను. ఆ మాట మాత్రం పదిమందిలో నా నోట రాదు."

"ఏముంటుందండీ," ముంథిర్ సారు నవ్వాడు, "లేని కొడుక్కి ఏదో పేరు పెట్టుకుని ఉంటాడు."

హాజీ గారు నావైపు తిరిగారు. "అమ్మాయ్, నువ్వు చూసి చెప్పలేవా?"

"అది నాకూ కనపడదు హాజీ. కనపడేవి వేరే ఉన్నాయి" అని కంప్యూటరు ఆయనవైపు తిప్పాను. "అబూ సజ్జాద్ పేరుతో, అబూ కర్రార్ పేరుతో మార్చిన వంతులన్నీ ఒకే కంప్యూటరునుంచి మార్చారు. అది మేనేజరు గారి గదిలోది."

"నా గదిలోకి ఎవడైనా వచ్చి ఉండొచ్చు" అన్నాడు సారు.

"చల్లదనం పోతుందని సొంత తమ్ముణ్ణే గుమ్మం దాటనివ్వరు కదా సార్. ఇంకోటుంది. అదే కంప్యూటరునుంచి అబూ ఘాయబ్ పేరుతో దూరాలని కూడా చాలా తంటాలు పడ్డారు. కుదరలేదు. ఏమేం కొట్టారో ఇక్కడుంది. మీరు రాయించమన్నదే, అక్షరం పొల్లుపోలేదు."

చదివాను. మొదటిది ఘాయబ్. తర్వాతది ఎవడూలేడు. ఆ తర్వాతది గొడ్రాలిమొగుడు. అక్కడ ఆపేశాను. కింద ఇంకా ఉన్నాయి.

"చదువు" అన్నారు హాజీ గారు.

"చాలు హాజీ."

అబూ ఘాయబ్ తలగుడ్డ సర్దుకుని కిటికీలోంచి లారీలవైపు చూస్తూ నిలబడ్డాడు. ముంథిర్ సారు ఏదో చెప్పబోయాడు. హాజీ గారు చెయ్యెత్తారు.

"నేనిచ్చిన కారు తాళాలు బల్లమీద పెట్టి నడిచి వెళ్ళు" అన్నారు.

ఆ మధ్యాహ్నమే తప్పు పాస్‌వర్డులు రాసుకోవడం ఆపించాను, ఉన్నవి చెరిపేశాను. కొడుకు పేరు పెడితే ఒప్పుకోనని అందరినీ కూచోబెట్టి కొత్తవి పెట్టించాను. "అయితే కూతురి పేరు పెట్టుకోనా?" అని అడిగాడు అబూ కర్రార్. వీళ్ళని బాగుచెయ్యడం నావల్ల కాదు.

అందరూ వెళ్ళాక అబూ ఘాయబ్ గుమ్మంవైపు ఒకసారి చూసి దగ్గరికొచ్చాడు.

"నాదికూడా మార్చాలా తల్లీ?"

"కొడుకు పేరు కాకపోతే అక్కర్లేదు బాబాయ్."

"ఇంట్లోదాని పేరు," అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "మగాళ్ళ మధ్య దాన్నెలా పలుకుతాను? ఊరందరికీ ఉమ్మ్ ఘాయబే. దాని అమ్మానాన్నా పోయారు, అన్నలూ పోయారు. అసలు పేరు పెట్టి పిలిచే దిక్కు నేనొక్కణ్ణే మిగిలాను. నువ్వు ఆడపిల్లవి, నీకు చెబితే తప్పులేదు. దాని పేరు..."

"వద్దు బాబాయ్," అన్నాను. "చెబితే మార్చాల్సి వస్తుంది."

ఆయన నవ్వి కుర్చీ లాక్కున్నాడు. బయట లారీ హారన్ మోగింది, ఎవరిదో వంతు వచ్చింది. ఆయన చెప్పకుండానే నేను గోడవైపు తిరిగాను. వెనక ఆ ఒంటివేలు ఆమె పేరులో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నొక్కుతోంది.