నస్రత్ నోట తిరగని మాట

ప్రత్తిపాడు మిరప కల్లంలో, రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ల మధ్య కూర్చుని, నస్రత్ నర్సింగు పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. సోమవారం గుంటూరులో ప్రాక్టికల్ పరీక్ష. చెయ్యి పట్టుకుంటే చాలు, నాడి దొరకబుచ్చుకునే పిల్లే గానీ, బీపీ చూసే మిషన్ అసలు పేరు దగ్గర మాత్రం నాలుక మడతపడిపోతోంది.

"స్పిగ్గు... మామ... మీటర్" అంది పైకి.

చేతులు ఆగాయి. "ఏ మామే?" అంది సుబ్బరావమ్మ. కల్లంలో అందరికంటే పెద్దది, అందరికంటే నిదానంగా ఎగతాళి చేసేది.

"మామ కాదు పెద్దమ్మా, మోమనో."

"పెళ్లి కాకుండానే మామని కొలవడానికి మీటర్ తెచ్చుకున్నావంటే గట్టిదానివే."

నస్రత్ తల్లి రసూల్‌బీ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నస్రత్ ఉక్రోషంగా పుస్తకం మూసేసింది. "మీరు అనండి చూద్దాం."

సుబ్బరావమ్మ ముక్కలుగా చెప్పించుకుంది. స్ఫిగ్. మో. మనో. మీటర్. నాలుగోసారికి మాట మొత్తం తొణక్కుండా వచ్చేసింది. ఇక మిగతావాళ్లు ఊరుకుంటారా? మంచినీళ్లు తాగాలంటే ముందు ఆ మాట చెప్పాల్సిందేనని సుబ్బరావమ్మ నియమం పెట్టింది. తొమ్మిది మందీ చెప్పి తాగారు. నస్రత్ మూడుసార్లు బిందె దాకా వెళ్లి దాహంతోనే వెనక్కొచ్చింది. నాలుగోసారి తాగింది.

సోమవారం పరీక్ష చేయడానికొచ్చిన పెద్దాయన బల్లమీది మిషన్ చూపించి, "ఇదేంటమ్మా?" అన్నారు. నస్రత్‌కి నవ్వు ముంచుకొచ్చింది. పెదవి కొరుక్కుని, "స్ఫిగ్మోమనోమీటర్ సార్" అంది.

"మళ్లీ చెప్పు."

తప్పు పోయిందనుకుంది నస్రత్. ఈసారి నెమ్మదిగా చెప్పింది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "బానే చెప్పావులే. ముప్పై ఏళ్ల నుంచి నాకే ఎక్కడో ఒక మో ఎక్కువ పడుద్ది. ఎవరు నేర్పారు?"

"మా పెద్దమ్మండి."

"డాక్టరా?"

"కాదండి. మిరపకాయలు ఏరుద్దండి."

ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, చేతిని బల్లమీద పెట్టారు. "ఏదీ, నాకు చూడు."

పరీక్ష కాగానే నస్రత్ తల్లికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది.

"మాట సరేలే, బీపీ సరిగ్గా చూశావా?" అంది రసూల్‌బీ.

"చూశానమ్మా. నూటయాభై ఉంది. ఆయన నమ్మలేదు. రెండోసారీ అంతే వచ్చేసరికి, పొద్దున మాత్ర మర్చిపోయానని ఒప్పుకున్నారు."