కర్చీఫ్ వేసిన సీటు

నేను ఒక బస్సు సీటును. ముగ్గురికని చేశారు; ఐదుగురూ ఒక కోళ్ళగంపా కూర్చునేవారు. ముందుగా కిటికీలోంచి ఎవరి కర్చీఫ్ పడితే నేను వాళ్ళ సొత్తు. రాజోలు రోడ్డులో మాకు తెలిసిన రిజర్వేషను అదే. ఒకసారి తుపాను గాలికి మా బస్సు గోదావరి మీదుగా ఎగిరి అవతలి ఒడ్డున వాలింది. కండక్టరు అప్పుడు కూడా టికెట్లే అడిగాడు. నమ్మకపోతే మీ ఇష్టం.

బస్సును తుక్కుకి అమ్మేశాక కొండలరావు మాస్టారు నన్ను కొని తన ఇంగ్లీషు క్లాసులో వేశారు. నేర్చుకోటానికి వచ్చినవాళ్ళను నా మీద కూర్చోబెట్టి ప్రయాణాల మాటలు నేర్పేవారు. పరుగెత్తి అందుకుంటే బస్సును ‘క్యాచ్’ చేసినట్టు, తీరుబడిగా వెళ్ళి ఎక్కితే ‘టేక్’ చేసినట్టు, దుమ్ము మాత్రమే దక్కితే ‘మిస్’ అయినట్టు. వాళ్ళు అలా చదువుతుంటే నేను కదలకుండానే ఊళ్ళు దాటేదాన్ని.

సువార్త రొయ్యల షెడ్డులో పనిచేసేది. చేతులు ఎంత కడిగినా వాసన పోదని నా చివరి అంచున కూర్చునేది. మస్కట్ ఆసుపత్రిలో ఆయా ఉద్యోగానికి రాజమండ్రిలో ఇంటర్వ్యూ. మొదటిసారి షెడ్డు వదిలేసరికి బస్సు వెళ్ళిపోయింది. ఇంకొక్కసారే పిలుస్తామన్నారు.

మాస్టారు ఏ వాక్యం అడిగినా ఆమె ‘క్యాచ్’ అనే చెప్పేది.

“టేక్ అనమ్మా. తీరుబడిగా ఎక్కావనుకో.”

“అనుకోటానికైనా ఎప్పుడన్నా అలా ఎక్కితే కదండీ, మాస్టారూ.”

నవ్వబోయిన క్లాసు ఆగిపోయింది.

ఇంటర్వ్యూ రోజున సువార్త వాటా రొయ్యలు క్లాసులోని నాగరత్నం ఒలిచింది. మాస్టారేమో పంచె ఎగ్గట్టి, స్టాండులోకి వస్తున్న బస్సు వెంట పరుగెత్తి, కిటికీలోంచి తన కర్చీఫ్ పడేశారట. జనం ఊరుకుంటారా? ఇది క్యాచా, టేకా అని ఆటపట్టించారట.

“క్యాచ్ నాది. టేక్ మా అమ్మాయిది,” అన్నారట ఆయన రొప్పుతూ.

సువార్త నడుచుకుంటూ వచ్చి, ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది.

ఉద్యోగం వచ్చింది. విమానం ఎక్కబోయే ముందు ఆ కర్చీఫ్ ఉతికి తెచ్చి, నా మీద గోడ వైపు పరిచి వెళ్ళింది. ఆ గోడకి కిటికీ లేదు. అయినా అప్పటినుంచి క్లాసులో అందరూ దాన్ని కిటికీ వైపే అంటారు.

ఎండ ముదిరిన మధ్యాహ్నాల్లో నేను మెల్లగా కదులుతాను. గోదావరి దాటి, సముద్రం మీదుగా తేలిపోతాను. ఎవరైనా ఎక్కవచ్చు. కిటికీ పక్క చోటు మాత్రం అడక్కండి. కర్చీఫ్ వేసి ఉంది.