పాత వైపు పంపు

మా గనిలో పంపులు మాటిమాటికీ ఎందుకు మొరాయిస్తున్నాయో తేల్చే పరిశోధన నా నెత్తిన పెట్టారు. పంపు ఆగితే కింద నీళ్లు చేరతాయి, నీళ్లు చేరితే తవ్వకం ఆగుతుంది, తవ్వకం ఆగితే ప్లానింగ్ ఆఫీసులో మేం వేసిన పథకాలన్నీ నీళ్లపాలవుతాయి. ఉత్పత్తి తగ్గితే మా మేనేజరుకి బీపీ పెరుగుతుంది. ఆయన్ని చూస్తే నాకు పెరుగుతుంది.

ఆ పంపులు బాగుచేసే మెకానిక్కు మా నాన్నే. ఒకప్పుడు అన్నాల దగ్గర కూర్చుని మేం గొట్టాలూ వాల్వుల గురించే మాట్లాడుకుంటుంటే, "మీ గొట్టాలు తగలెయ్య, కూర ఎలా ఉందో చెప్పండి ముందు," అని అమ్మ కసురుకునేది. అప్పుడు మేం నలుగురం. తమ్ముడు ఆ గనిలోనే డ్రిల్లరుగా చేసేవాడు. పాత వైపు సొరంగం కప్పు కూలినప్పుడు వాడు లోపలే ఉండిపోయాడు. తీయడానికి వెళ్లినవాళ్ల మీద కూడా రాళ్లు రాలుతుంటే, ఇక లాభం లేదని అడ్డంగా దిట్టమైన గోడ కట్టేశారు. వాడి హెల్మెట్ కూడా మా ఇంటికి రాలేదు.

ఆ వైపు ఇప్పుడు తవ్వకం లేదు, మనుషుల్లేరు. గోడ అవతలి నీళ్లు తోడే పంపు మాత్రం ఇంకా నడుస్తోంది. ఆ నీళ్లు గోడ దాటి ఇటు రావు, కాబట్టి దానితో ఎవరికీ పని లేదు. అయినా ఆపమని మా నాన్న ముఖం మీద చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మేనేజరుకి కూడా.

ఇంతలో కొత్త వైపు పంపు మళ్లీ పట్టేసింది. షిఫ్టులో ఉన్నవాళ్లు ఛాతీలోతు నీళ్లలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని బయటపడ్డారు. వాళ్లలో లోడరు నడిపే పొట్టిగాడు ఉన్నాడు. తమ్ముడి స్నేహితుడు, చిన్నప్పుడు సగం పూటలు మా ఇంట్లోనే తిన్నవాడు. పైకొచ్చి నన్ను చూసి, "అక్కా, నీ పరిశోధనేదో త్వరగా తెముల్చు. నాకు ఈత రాదు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

మా నాన్నకో అలవాటుంది. విప్పి, బాగుచేసి, పరీక్షించిన ప్రతి భాగం మీదా నీలం రంగుతో ఒక గీత పెడతాడు. ఆ గీత ఉందంటే కళ్లు మూసుకుని బిగించుకోవచ్చు. కొత్త వైపు పంపు దగ్గరుండి విప్పించాను. బేరింగు మీద గీత లేదు. సీలు ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. మరి గీత పెట్టిన సామానంతా ఎటు పోతున్నట్టు? స్టోరుకెళ్లి విరుచుకుపడ్డాను. దొంగ ఎవడో దొరకనీ, తోలు వలుస్తానన్నాను. స్టోరు గుమాస్తా తల పైకెత్తలేదు.

"ఒకసారి పాత వైపు చూసి రండి మేడం," అన్నాడు.

వెళ్లాను. గోడ ముందు ఆ పంపు ఒంటినిండా నీలం గీతలే. అరిచి మాట్లాడక్కర్లేనంత నిశ్శబ్దంగా తిరుగుతోంది. పక్కన బోర్లించిన బకెట్టు మీద నాన్న కూర్చుని ఉన్నాడు.

"ఏంటి నాన్నా ఇది? మంచి సామానంతా దీనికి పెట్టి, అరిగిపోయినవి అక్కడ బిగిస్తావా? అక్కడ మనుషులున్నారు!"

"ఇక్కడ లేడా?" అన్నాడు.

గోడ వైపు చెయ్యి చూపించాడు.

"వాడికి తడి పడదు కదమ్మా. నాలుగు చినుకులు మీద పడితే చాలు ఆయాసం. మీ అమ్మ ఛాతీకి వేడిగుడ్డ పెట్టి కూర్చునేది, గుర్తులేదూ?"

గుర్తుంది. గుర్తుంది కాబట్టే ఒళ్లు మండిపోయింది. నన్నెవరూ ఏడవనివ్వలేదే, ఈయన మాత్రం ఇక్కడో యంత్రాన్ని పెట్టుకుని ఏడుస్తున్నాడే అనిపించింది.

"నిన్న పొట్టిగాడు మునిగిపోయేవాడు," అన్నాను. "వాళ్లమ్మకి వెళ్లి చెబుతావా, మావాడు తడవకూడదని మీవాణ్ని ముంచానని?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నాన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పొట్టిగాడా? ఆ షిఫ్టులో వాడున్నాడా?" అని మాత్రం అడిగాడు. "నేను చూసుకుంటున్నాగా, ఆ పంపు ఎలాగోలా నెట్టుకొస్తుందిలే అనుకున్నానమ్మా."

మోకాళ్ల మీద చేతులాన్చి లేచాడు. స్విచ్చు మీద చెయ్యి పెట్టి, నా వైపు తిరగకుండా అడిగాడు.

"ఆపేస్తే నీళ్లు ఎందాకా వస్తాయి?"

పైకప్పుదాకా వస్తాయి. లెక్క ఎప్పుడో వేశాను.

"మోకాళ్లదాకా నాన్నా," అన్నాను.

జన్మంతా గనినీళ్లు తోడిన మనిషికి ఆ సంగతి తెలియకుండా ఉంటుందా?

"మోకాళ్లదాకా అయితే పర్లేదులే," అని స్విచ్చు నొక్కాడు.

తర్వాత నీలం గీతల సామానంతా ఒక్కొక్కటే విప్పి, ఎవర్నీ సాయం రానీయకుండా, కొత్త వైపు మోసుకెళ్లాడు. నేను లాంతరు పట్టుకుని వెనకాల నడిచాను.

పాత వైపు పంపు నీళ్లు మా పెరటి వెనక కాలవలోనే పడేవి. సాయంత్రం ఇంటికెళ్లేసరికి అమ్మ పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. కాలవ చప్పుడు లేదు. అన్నాలు వడ్డిస్తూ అడిగింది.

"ఆపేశారా?"

నాన్న కంచంలోకి చూస్తూ చెప్పాడు.

"మోకాళ్లదాకానే వస్తాయట. పిల్ల లెక్కేసింది."

అమ్మ గరిటెతోనే నా వైపు తిరిగింది. చిన్నప్పట్నుంచీ నా లెక్కల గురించి వీధంతా చెప్పుకుని మురిసిపోయిన మనిషి.

"నీ లెక్క ఎప్పుడూ తప్పదు కదే?"

"తప్పదమ్మా," అన్నాను.