శాల ఎవరు కడుగుతున్నారు?

“లేబుకి ఎల్తే ఎల్లు, నాకేటి? సాల కడిగి మరీ ఎల్లు,” అంది అత్త గవరమ్మ, ప్రమోదకు ఉద్యోగం వచ్చిన రోజున. ఎమ్మెస్సీ చదివి, చౌల్దారీ ఊళ్లో అత్తింట పదేళ్లు పేడ ఎత్తాక, పోర్ట్‌బ్లేర్‌లో జ్వరాల మీద పరిశోధన చేసే లాబ్‌లో టెక్నీషియన్ పని దొరికింది. “రోగాల పురుగుల్ని ముట్టుకున్న సేతుల్తో మా ఇంట్లో వండుతావా?” అని అత్త. “ఇంటి పని ఆగిందో, ఆ రోజే నౌకరీ ఖతం” అని మొగుడు ఉమేష్. అన్నిటికీ తలూపింది. కానీ వానాకాలం, పశువుల శాల నిండా బురద, పొద్దున్నే బస్సు. మూడో రోజుకే కుదరలేదు. తిట్లు తప్పవనుకుంటే గవరమ్మ, “పోన్లే, మేం సూసుకుంటాం” అనేసింది. అత్త మంచి, వేముల తీపు లేదంటారు గానీ, ప్రమోదకు ఆ సామెత కట్టినవాళ్ల మీద జాలేసింది. ఎవరు కడుగుతున్నారని మాత్రం అడగలేదు. అడిగితే మళ్లీ తన మెడకే చుట్టుకుంటుందని భయం.

ఆ లాబ్‌లో కొత్తగా చేరినవాళ్ల రక్తం ముందే తీసి, పరీక్షించి దాచుతారు. రేపు ఏదైనా జబ్బు అంటుకుంటే, అది అక్కడ అంటిందో కాదో పోల్చి చూసుకోవడానికి. రెండు వారాల తర్వాత పెద్ద సైంటిస్టు సరోజిని ఆమెను పక్కకు పిలిచింది.

“ఎలుక జ్వరం ఎప్పుడొచ్చింది నీకు?”

“నాకా? రాలేదు దీదీ.”

“వచ్చి పోయింది. నీ రక్తంలో ఆనవాళ్లున్నాయి. ఇంట్లో పశువులున్నాయా? వట్టి కాళ్లతో కడుగుతావా? ఎలుకల ఉచ్చ కలిసిన బురదలోంచే అంటుకుంటుందిది.”

ప్రమోద చేతి తొడుగులు విప్పడం కూడా మరిచి నిలబడిపోయింది. కిందటి వానల్లో పిక్కలు రోకలితో దంచినట్టు నొప్పి, ఎర్రటి కళ్లు, ఒళ్లు కాలే జ్వరం. “పని ఎగ్గొట్టడానికి మంచి బహానా” అన్నాడు ఉమేష్. ఆ జ్వరంలోనే మూడో నెల కడుపు పోయింది. “కడుపు నిలుపుకోలేని మనిసి” అని గవరమ్మ వీధి వీధంతా చెప్పింది. ఏడాదిగా తన ఒంటినే తను తిట్టుకుంటూ బతికింది. ఆ ఒంటి తప్పేం లేదు. రోగాల మధ్య పనిచేసే ఈ చోట బూట్లూ తొడుగులూ ఇచ్చారు, ఆ ఇంట్లో చీపురు ఒక్కటే ఇచ్చారు. కోపంతో కళ్లు మండాయి. అంతలోనే ఇంకో ఆలోచన వచ్చింది. ఉమేష్‌కు ఫోన్ చేసింది.

“శాల ఎవరు కడుగుతున్నారు?”

“మన సుమ. తొమ్మిదేళ్లొచ్చాయి, ఆడపిల్ల పని నేర్చుకోవద్దా?”

“పిల్ల స్కూలుకెళ్లిందా?”

“లేదు, పడుకుంది. కాళ్లు పీకుతున్నాయంట. నీ కూతురే కదా, నీ బహానాలే. అమ్మ కసాయం ఇచ్చిందిలే.”

“దాని కళ్లు చూడు.”

ఉమేష్ లోపలికెళ్లి చూసొచ్చాడు. “ఎర్రగా ఉన్నాయి. ఏడ్చుంటాది. ఇదంతా నీ నౌకరీ వల్లే. మానేసి ఇంటికి రా, అంతా సర్దుకుంటది.”

ప్రమోద ఫోన్ పెట్టేసింది. వెళ్లి సరోజినికి అంతా చెప్పింది.

“లేటు చేయకు. పాపని తిన్నగా ఆసుపత్రికి తీసుకురా. నేనక్కడే ఉంటాను,” అందామె.

“వస్తాను దీదీ. మందు వెంటనే పడితే తగ్గుతుంది కదా?”

“తగ్గాలి.”

ప్రమోద గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

“ఈలోపు ఇక్కడ దగ్గర్లో ఒక గది చూసిపెట్టండి. మా ఇద్దరికే.”